గౌరమ్మ పిట్టకు రెండు కట్లు

1999లో నేను కృష్ణగిరిలో, బస్టాండు వెనక వీధిలో, సొంతంగా పశువుల క్లినిక్ పెట్టుకొని ఉన్నాను. అంతకు ముందు కొన్నేళ్లు హోసూరు దగ్గర ఒక కోళ్ల ఫారంలో డాక్టరుగా పనిచేశాను. అక్కడ ఎందుకు మానేశానో చెబితే నవ్వుతారు. చచ్చిన కోళ్లను కోసి చూసి చూసి, బతికి ఉన్నదాన్ని చూడాలని ఆశ పుట్టింది. ఇక్కడికి వచ్చాక ఆవులు, ఎద్దులు, గొర్రెలు, అప్పుడప్పుడు పెద్దమనుషుల ఇళ్ల కుక్కలు. "ఆడమనిషి ఎద్దుకి సూది వేస్తాదా?" అని వరండాలో కూర్చొని నాకు వినబడేట్టే అనుకునేవాళ్లు. వేస్తాది, పక్కన నిలబడిన మీకు కూడా వేస్తాది అనేదాన్ని. నా నోరు మొదటి నుంచీ అంతే.

పక్షుల వైద్యం గురించి ఒక మాట చెప్పాలి. ఫారంలో మేం చేసేది మంద వైద్యం. వేల కోళ్లకు తాగే నీళ్లలో మందు కలుపుతాం. ఒక కోడికి కాలు విరిగితే కట్టు కట్టం, ఏరి తీసేస్తాం. దాన్ని కల్లింగ్ అంటారు. అందువల్ల పక్షి ఒళ్లు లోపల ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఒక్క పక్షిని దగ్గర పెట్టుకొని బతికించడం మాత్రం కాలేజీలోనూ నేర్పలేదు, ఫారంలోనూ నేర్పలేదు. మద్రాసులో కొన్న పాత పుస్తకం ఒకటి ఉండేది, అదే నాకు దిక్కు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో గురుబరపల్లి నుంచి ఒకాయన బస్సు దిగి నేరుగా క్లినిక్‌కి వచ్చాడు. అరవై దాటినట్టున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఒక బిస్కెట్ డబ్బాను రెండు చేతులతో గుండెలకు ఆనించి పట్టుకున్నాడు. మూతకు మేకుతో బొక్కలు పొడిచి ఉన్నాయి.

"ఏముండాదప్పా దాంట్లో?" అని అడిగాను.

"లవ్ బర్డు అమ్మా. రెక్క ఇరిగినాది."

మన వైపు లవ్ బర్డు అంటారు గానీ దీని అసలు పేరు బడ్జీ. అరచేతిలో ఇమిడే చిన్న చిలుక. ముందు రోజు సాయంత్రం కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. స్విచ్చి ఆపాలని ఎవరికీ తోచలేదు. పంజరం తలుపు తీసి పిట్టను గదిలో వదిలారు. అది ఎగురుతుండగా కరెంటు వచ్చింది.

మూత తీసి చూస్తే కుడి రెక్క నేలకు వేలాడుతోంది. నాకు కోపం వచ్చింది. "నిన్న దెబ్బ తగిలితే ఈ పొద్దు వరకూ ఇట్లనే పెట్టింటివా? ఒక గుడ్డ పీలికన్నా చుట్టకూడదా?"

"నేను కట్టేవాణ్ణే డాక్టరమ్మా," అన్నాడాయన. "నన్ను కట్టు నారాయణప్ప అంటారు. మా ఆడమనిషి ముట్టుకోవద్దనింది."

ఆ పేరు నేను విన్నదే. మా ఊళ్లలో చెయ్యి విరిగినా కాలు విరిగినా ఆస్పత్రి కంటే ముందు కట్టు కట్టేవాళ్ల ఇంటికే పోతారు. విరిగిన ఎముకను చేత్తో సర్ది, వెదురు దబ్బలు పెట్టి, కోడిగుడ్డు తెల్లసొనలో మినపపిండి కలిపి పూసిన గుడ్డతో చుట్టేస్తారు. ఆరేకొద్దీ ఆ కట్టు రాయిలా బిగుస్తుంది. నారాయణప్ప తండ్రిదీ తాతదీ అదే పని. ఆదివారం పూట ఆయన వాకిట్లో మనుషులూ దూడలూ పక్కపక్కనే కూర్చొని ఉంటారని చెప్పుకునేవాళ్లు. నేను ఇంగ్లీషు వైద్యం చదివినా ఆ పనిని చులకన చేసినదాన్ని కాదు. ఆయన కట్టిన చేతులతో మనుషులు నాగలి పడుతుంటే ఏమని చులకన చేసేది?

"మరి ఎందుకు వద్దనింది?" అన్నాను.

ఆయన డబ్బా మూత మీది బొక్కల్ని వేలితో తడుముతూ చెప్పాడు. భార్య గౌరమ్మ నాలుగేళ్ల కిందట స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. బెంగళూరు తీసుకుపోదామని ఆమె చెల్లెలి కూతురు కాళ్లావేళ్లా పడింది. నేనుండగా బెంగళూరు ఎందుకని ఈయనే కట్టాడు. ఆమె మళ్లీ లేచి నిలబడలేదు. తుంటి కట్టుకు లొంగేది కాదు, ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేయాల్సిన చోటు. ఆ మాట నేను పైకి అనలేదు.

"ఎముక ముదిరిపోయింది, నీ కట్టులో తప్పేమీ లేదని ఆమే చెప్తాదమ్మా. తర్వాత వచ్చి చూసిన డాక్టర్లూ అదే చెప్పినారంట. అయినా ఆ పొద్దు నుంచి నేను ఎవురికీ కట్టలేదు." మూత పక్కన పెట్టి అన్నాడు, "ఈ పిట్టని ఆ చెల్లెలి కూతురే తెచ్చి ఇచ్చినాది. ఆమెకి అదే లోకం. దీన్ని ఎట్లన్నా బతికించు."

పిట్టను తువ్వాలులో పట్టుకొని చూశాను. పచ్చటి ఒళ్లు, పసుపు తల, ముక్కు పైన నీలం మచ్చ. నీలం ఉంటే మగది. మందు మోతాదు లెక్క కట్టాలంటే బరువు కావాలి. నా దగ్గర ఉన్న త్రాసు కుక్కలను తూచేది. పక్క నగల కొట్టాయన దగ్గరికి పట్టుకుపోయి బంగారం తూచే త్రాసులో పెట్టాను. "ఇది ఎన్ని క్యారెట్లమ్మా?" అని నవ్వాడాయన. ముప్పై గ్రాములు కూడా లేదు.

"పేరేమన్నా పెట్టినారా?"

"మేస్త్రి అంటాది ఆమె. పని చెయ్యడు, పొద్దుగూకులూ కూర్చొని అందరికీ పని చెప్తాడని."

పక్షి రెక్కలో మన ముంజేతిలో ఉన్నట్టే రెండు ఎముకలు ఉంటాయి, రేడియస్, ఉల్నా. దీనికి ఉల్నా విరిగింది, రేడియస్ నిలిచింది. అలాంటప్పుడు విరగని ఎముకే విరిగినదానికి దబ్బలా ఆసరా ఇస్తుంది. ఇది బతికే కేసు అని నాకు నమ్మకం కుదిరింది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

దీనికి కట్టేదాన్ని ఫిగర్ ఆఫ్ ఎయిట్ అంటారు. రెక్కను మడిచి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, చివర ఒక వరస ఒంటి చుట్టూ తిప్పుతాం. ప్రాణమంతా ఆ చివరి వరసలో ఉంది. మనకు ఊపిరితిత్తుల కింద డయాఫ్రం అనే కండ ఉంది, అది కదిలితే గాలి లోపలికి వస్తుంది. పక్షికి అది లేదు. దాని రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ ఆడాలి, కొలిమి తిత్తి ఆడినట్టు. ఒంటి మీద కట్టు బిగిస్తే ముక్కూ నోరూ తెరిచే ఉన్నా ఊపిరాడక చస్తుంది.

నేను కాగితపు టేపుతో చుడుతుంటే నారాయణప్ప మెడ ముందుకు సాచి చూస్తున్నాడు. పెళ్లింట్లో ఇంకొకరు వంట చేస్తుంటే చూసే వంటమనిషి చూపు అది.

"ఇంత వదులా?" అన్నాడు చివరికి.

"అగ్గిపుల్ల దూరాలప్పా."

"మా నాయన చీమ దూరకూడదనేవాడు."

"మీ నాయన చేతులకీ కాళ్లకీ కట్టినాడు. చెయ్యి ఊపిరి తీసుకోదు. ఇదో, ఈ అగ్గిపుల్ల తీసుకొని నువ్వే దూర్చి చూడు."

దూర్చి చూశాడు. దూరింది. తల ఊపాడు గానీ ఆయన ముఖంలో ఒప్పుదల లేదు.

ఇంట్లో ఎలా చూసుకోవాలో రెండుసార్లు చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను. పంజరం వద్దు, ఎక్కడానికి కొమ్మ వద్దు. అట్టపెట్టెలో కాగితం పరిచి అందులో పెట్టాలి. పెట్టెకు ఒక పక్కనే బల్బు వేలాడదీయాలి, వేడెక్కువైతే పిట్ట రెండో పక్కకు జరగాలి కదా. కొర్రలు నేల మీదే చల్లాలి, నీళ్లు సీసా మూతలో పెట్టాలి. "కట్టు ఊడితే ముట్టుకోవద్దు. ఊడినంత మాత్రాన పిట్ట చావదు. ఫోను చెయ్యి, నేనే వస్తాను," అన్నాను.

మూడో నాడు అటువైపు ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే పోయాను. వస్తూ వాళ్లింట్లో దిగాను. రోడ్డుకు కాస్త లోపలగా చిన్న పెంకుటిల్లు. కిటికీ పక్కన మంచం, మంచం మీద గౌరమ్మ. నడుము పై భాగం మాత్రమే ఆమె మాట వింటుంది. తల నున్నగా దువ్వుకొని, దిండు పక్కనే అట్టపెట్టె పెట్టుకొని ఉంది.

"వచ్చినావా డాక్టరమ్మా, కూర్చో. మేస్త్రి నిన్ను తిడతా ఉండాడు, సొక్కా బాగా కుట్టలేదని."

నేను వెళ్లింది పిట్టను చూడటానికి. చూస్తే అక్కడ ఒక నర్సు తయారై ఉంది. పక్షి వైద్యంలో రెట్టే రిపోర్టు. పచ్చగా గట్టిగా ఉండి మధ్యలో తెల్ల చుక్క ఉంటే తింటున్నట్టు, నీళ్లలా ఉంటే తినడం లేదన్నట్టు. ఆ కాగితాలన్నీ ఆమె నాకోసం దాచింది. కరెంటు పోయినప్పుడల్లా భర్త చేత ఇసుక వేయించి, మూట కట్టించి, పెట్టె కింద పెట్టించుకుంటోంది. "బాలింతకి కాపడం పెట్టినట్లే కదమ్మా," అంది. పుస్తకంలో అది లేదు. బాగుందని చెప్పాను.

కొర్ర కంకి పెట్టెలో పెడితే మేస్త్రి ఒక పక్కకు ఒరుగుతూ నడిచి వచ్చి ఆమె వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్క గింజే ఒలుచుకు తిన్నాడు. ఆమె చూపు వాడి మీద నుంచి కదల్లేదు.

"మనుషులు వస్తారు, అయ్యో అంటారు, పోతారు. వీడు అయ్యో అనడు. మూతి మీద పొడిచి లెయ్యమంటాడు. వీడు పోతే నాకు ఈ గోడలు తప్ప ఏముండాది చెప్పు."

"పోడు. నేనుండాను కదా," అన్నాను. ఆ రోజు నిజంగానే నాకు అనుమానం లేదు.

నారాయణప్ప గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని. ఆమె గొంతు తగ్గించి, "చూసినావా? పెట్టె దగ్గరికి వస్తే అట్ల చేతులు కట్టుకుంటాడు. ఆయప్ప చేతులు ఊరకుండవమ్మా, నాకు తెలుసు," అంది. ఆయనకు వినబడిందో లేదో, ఇసుక వేయించడానికి పోయాడు.

ఆ తర్వాత ఇంకోసారి వెళ్లి కొత్త కట్టు కట్టి వచ్చాను. ఎముక అతుక్కుంటోంది. విరిగిన చోట వేలికి చిన్న బొడిపె తగిలింది, దాన్ని కాలస్ అంటారు, అది వచ్చిందంటే సగం గెలిచినట్టే. మేస్త్రి కూత మొదలుపెట్టాడు. మరో వారంలో కట్టు తీసేయవచ్చని చెప్పాను. గౌరమ్మ నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు. ఇంటికి వచ్చి ఆ పూట నేను పాయసం చేసుకున్నాను. ఆవును బతికించిన రోజున కూడా చేసుకోలేదు.

నాలుగు రోజులైనా కాలేదు. మధ్యాహ్నం క్లినిక్‌కి ఫోను వచ్చింది. వాళ్ల ఊరి కొట్టు నుంచి నారాయణప్ప.

"డాక్టరమ్మా, మేస్త్రి నోరు తెరిచి ఊపిరి తీస్తా ఉండాడు. తోక పైకీ కిందికీ ఆడతా ఉండాది."

పక్షి కూర్చున్నచోట ఊపిరికి తగ్గట్టు తోక ఆడిస్తోందంటే గాలి అందడం లేదని అర్థం. ఏం చేశారని అడిగాను. "నువ్వు రామ్మా," అని ఫోను పెట్టేశాడు. క్లినిక్ తాళం వేసి స్కూటరు తీశాను.

ఆయన పెట్టెతో సహా వాకిట్లోనే ఎదురొచ్చాడు. పిట్టను చేతిలోకి తీసుకోగానే తెలిసింది. నేను కట్టింది కాగితపు టేపు. ఇప్పుడున్నది తెల్లటి పాత పంచె పీలిక, ఒక్క ముడత లేదు, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. అంత అందమైన కట్టు నా చేతుల్లో ఎప్పటికీ రాదు. వేలితో కొడితే పెంకులా టకటకమంది.

"పొద్దున టేపు కొరుక్కొని ఊడదీసుకున్నాడు," అన్నాడు నారాయణప్ప. "ఆమె నిద్రపోతా ఉండె. ఫోను కొట్టు ఇంకా తెరవలేదు. రెక్క వేలాడతా ఉండె డాక్టరమ్మా. చూస్తా ఎట్లుండేది? నువ్వు కట్టినట్లే కట్టినాను. అగ్గిపుల్ల దూర్చినాను. దూరినాది."

"తర్వాత?"

"మళ్లా ఊడకుండా తెల్లసొన పూసినాను. మినపపిండి కొంచిమే కలిపినాను."

పూసినప్పుడు అగ్గిపుల్ల దూరే ఉంటుంది. తర్వాత దాన్ని బల్బు కింద పెట్టాడు, నేను చెప్పినట్టే. ఆ వేడికి ఆరుతూ, ఆరుతూ, పీలిక పిట్ట రొమ్ము చుట్టూ బిగుసుకుంది.

"ఆరితే బిగుస్తాదని నాకు తెలీదా అమ్మా?" అన్నాడు. "నాకు కాక ఎవురికి తెలుసు? చేతులు పూసేసినాయి. చేతులు పూసేసినాక గదా నాకు తోచింది. అప్పుటికి ఆమె లేచినాది. ఆమె ముందర ఊడదియ్యలేక, మేస్త్రి పండుకున్నాడని చెప్పి పెట్టె మీద గుడ్డ కప్పితిని."

గోరువెచ్చటి నీళ్లతో తడుపుతూ చిన్న కత్తెరతో కత్తిరించాను. తొందరపడితే చర్మం తెగుతుంది, నిదానిస్తే ప్రాణం పోతుంది. చివరి పట్టీ విడిపోగానే రొమ్ము ఒక్కసారి పొంగింది. రెండు మూడు ఊపిర్లు బాగా తీశాడు. నాకు ఆశ పుట్టింది. వేలితో ముక్కు దగ్గర నిమురుతున్నాను. తల నా బొటనవేలి మీద ఆనింది, అంతే, మళ్లీ లేవలేదు.

నేను కోపం దాచుకునే మనిషిని కాను. తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన తన రెండు చేతులనూ ముందుకు పెట్టుకొని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. కత్తెర తుడిచి సంచిలో వేసుకున్నాను.

"ఆమెకి చెప్పొద్దమ్మా," అన్నాడు. "నా కట్టు వల్ల అని చెప్పొద్దు. నా చేతుల్ని నేనే నమ్మడం మానేస్తిని. ఆమె ఒక్కతే నమ్మతా ఉండాది."

నేను లోపలికి పోయాను. గౌరమ్మ మోచేతుల మీద లేచి గుమ్మం వైపే చూస్తోంది. నా చేతిలో ఉన్నదాన్ని చూసి ఇంకేమీ అడగకుండా చెయ్యి చాచింది. ఇచ్చాను. ఒడిలో పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. మంచం పట్టెను పట్టుకొని, శబ్దం రానివ్వకుండా ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు ఆగలేదు. ఎన్నో పశువులు నా కళ్ల ముందే చచ్చాయి, ఇలా ఎప్పుడూ కాలేదు.

"ఎట్ల పోయినాడు?" అని అడిగింది చివరికి.

"ఫ్యాను దెబ్బకి లోపల నరం చిట్లి ఉంటాదమ్మా. అప్పుడు మనకి కనిపించలేదు. ఎవురి తప్పూ లేదు," అన్నాను.

ఆమె పిట్ట రొమ్ము మీది ఈకల్ని గోటితో పాయలు తీసింది. మొదళ్లలో తెల్లటి పెచ్చు అంటుకొని ఉంది. గీకి, వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి గుడ్లు కొట్టి, సొన వేరు చేసి, పిండి కలిపి ఇచ్చింది ఆమే.

"నువ్వు మంచిదానివేలే డాక్టరమ్మా," అంది. గొంతులో కోపం లేదు. "నేనూ నాలుగేండ్లుగా ఆయప్పకి ఇదే చెప్తా ఉండాను. ఎముక ముదిరిపోయింది, నీ కట్టుదేమీ లేదని. డాక్టర్లు అన్నారని. ఏ డాక్టరూ అనలేదు. ఆ పొద్దే బెంగళూరుకి పోయింటే నేను నడిచిందును."

నేను తల తిప్పాను. నారాయణప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో గడ్డపార. మొత్తం విన్నాడు. ఆమె కూడా అప్పుడే చూసింది. అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఆమె నోరు తెరిచింది.

"గుంత యాడ తీసేది?" అని అడిగాడు.

ఆమె గోడ వైపు ముఖం తిప్పుకుంది. "యాడైతే ఏమి," అంది.

ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడు రెండుసార్లు దిగాను. ఇంకో పిట్టను తెచ్చిస్తానన్నాను. వద్దంది గౌరమ్మ. కిటికీ తలుపు వేసి ఉంది. పరాచికాలు లేవు. ఆయన వేళకు అన్నం తెచ్చి పెడతాడు, పక్క మారుస్తాడు, వరండాలోకి పోయి కూర్చుంటాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను చూడలేదు. మూడోసారి దిగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈ కేసు నాకు నేర్పిన పని సంగతి ఒకటుంది. కట్టు కట్టి పంపేటప్పుడు ఇంట్లో ఎవరు చూసుకుంటారని మాత్రమే అడగను, వాళ్ల చేతులకు ఏ పని అలవాటో కూడా అడుగుతాను. కుమ్మరివాళ్లకు ఒక రకంగా చెప్పాలి, దర్జీకి ఒక రకంగా చెప్పాలి. చెవికి చెప్పిన మాట చేతి దాకా పోతుందని నమ్మడం మానేశాను.

రెండోది వైద్యానికి సంబంధించింది కాదు. ఎందుకు పోయిందని అడిగితే ఇప్పుడు నేను ఉన్నదే చెప్తాను. కొందరు ఏడుస్తారు, కొందరు నన్ను తిట్టి పోతారు. అయినా మెల్లగా, ఉన్నదే చెప్తాను. గౌరమ్మ తన అబద్ధం ఒక్కదాని మీదే నాలుగేళ్లు ఆ ఇంటిని నిలబెట్టింది. దాని మీద నేను ఇంకొకటి పెట్టేసరికి ఆ ఇల్లు కూలిపోయింది.